ఐదో డబ్బాలో నాలుగో రీలు

మొన్న ఆదివారం పొద్దున ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను. ప్లాట్‌ఫాం చివర కట్టిన ఫ్లెక్సీ ఒక మూల ఊడిపోయి, గాలికి ఇనుప కమ్మీని కొడుతోంది. టప్ టప్ టప్ టప్. ఆగకుండా, ఒకే వేగంతో. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. ఆ చప్పుడు నాకు తెలుసు. రీలు మొత్తం నడిచిపోయాక, తిరుగుతున్న చక్రం మీద ఫిల్ము తోక మెషిన్‌కు తగులుతూ చేసే చప్పుడు అది. నలభై ఏళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక టాకీసు పైగదిలో, దేవదానం అన్న పక్కన నిలబడి ఎన్నో మధ్యాహ్నాలు విన్నాను. మొన్న నేను బయల్దేరింది కూడా సినిమాకే. నగరంలో జరుగుతున్న చిన్న ఫిలిం ఫెస్టివల్‌కు. పాసు చొక్కా జేబులో ఉంది.

దేవదానం అన్న సినిమా ఆపరేటర్. హాల్లో మన వెనకాల, పైన గోడకున్న చిన్న కంతలోంచి వెలుగు వచ్చేది కదా, ఆ కంత వెనక ఉండే మనిషి. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డాడు. మా కిరాయి ఇంటికి ఆనుకున్న పోర్షన్ ఆయనది. ఆదివారం పొద్దున భార్య మరియమ్మ వదినతో చర్చికి వెళ్లి, అదే తెల్ల చొక్కాతో నేరుగా మ్యాట్నీకి పోయేవాడు. నేను అప్పుడే సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. గ్రామాల పటాల మీద పల్చని కాగితం పరిచి గీతలు దించడం నా పని. డైరీ మాత్రం అంతకు ముందు నుంచే, పదహారో ఏట నుంచే రాస్తున్నాను. ఒకరోజు మెట్ల మీద కూర్చుని రాసుకుంటుంటే ఆయన నా ముందు ఆగాడు.

"ఏం రాస్తవ్ తమ్మీ రోజు?"

"జరిగిందంతా రాస్త అన్నా."

"అంతానా?"

"అంతా."

"అబద్ధం" అని నవ్వాడు. "అంతా ఎవడు రాస్తడు? రేపు మ్యాట్నీకి రా. నీకు జర పనికొచ్చేది సూపిస్త."

మర్నాడు మొదటిసారి ఆ గదిలోకి వెళ్లాను. రెండు పెద్ద మెషిన్లు, వెలుగు కోసం వాటిలో కాలే కార్బన్ కడ్డీల వాసన, బనీను తడిసిపోయేంత వేడి. ఒక మెషిన్ మీద రీలు నడుస్తుండగానే రెండో దాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. మూడో రీలు అందియ్యమన్నాడు. మూడు అని రాసి ఉన్న రేకు డబ్బా తీసిచ్చాను. ఆయన మూత తీసి, జానెడు ఫిల్ము బయటికి లాగి, బల్బు వెలుగుకు అడ్డంగా పట్టి, దాని మీద ఉన్న అంకె చదివి, అప్పుడు ఎక్కించాడు.

"డబ్బా మీద మూడనే ఉన్నది కదన్నా. మళ్ల సూసుడెందుకు?"

"డబ్బా మీద ఎవడన్న ఏమన్న రాస్తడు. ఈ ఫిల్ము ఎన్ని ఊర్లు తిరిగొచ్చిందో, ఎవడు ఏ డబ్బాల పెట్టిండో నీకెరుకనా? దాని పేరు దాని మీదనే ఉంటది. అది సదువాలె."

ఈ మాటను ఆ రోజు డైరీలో రాసుకున్నాను. దాని బరువు తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లకు నగరంలో ఒక పెద్ద ఫిలిం ఫెస్టివల్ జరిగింది. ఎక్కడెక్కడి దేశాల సినిమాలు, ఎక్కడెక్కడి తారలు. ఆ సినిమాలు ఆడించడానికి టాకీసుల్లో మంచి పేరున్న ఆపరేటర్లను ఏరి తీసుకున్నారు. మా వైపు నుంచి దేవదానం అన్న ఒక్కడే. ఆ వారమంతా కొత్తపేట గల్లీలో ఆయన నడక మారిపోయింది. కూరగాయల ఆమె దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర, పాస్టరు గారి దగ్గర, అందరికీ చెప్పాడు. నాకు ఒక పాసు సంపాదించి పెట్టాడు. నేను ఆఫీసుకు వారం సెలవు పెట్టాను.

మొదటి రోజు హాలు బయటి వసారాలో నాకు మతి పోయింది. తెర మీద తప్ప ఎన్నడూ చూడని మొహాలు చేతికందేంత దూరంలో నడుస్తున్నాయి. ఒక హీరో నా పక్కనే నిలబడి టీ తాగాడు. అతను నాకంటే పొట్టి. ఇంకొకాయన కారు దిగితే జనం తోసుకుని నా చెప్పు ఒకటి పోయింది. అదంతా మూడు పేజీలు రాశాను. అన్న ఆ పేజీలు చదివి కళ్లజోడు తీశాడు.

"గిదేంది? ఎర్ర కారు, తెల్ల ప్యాంటు, నల్ల అద్దాలు. సినిమా ఏడున్నది?"

"ఆఖర్ల ఉన్నది అన్నా."

"ఒక్క లైను! 'సినిమా బాగున్నది.' దీనికి రెండు బస్సులు మారి ఒచ్చినవా? బిర్యానీ బాగుంటది, బస్సుల సీటు దొరికినా బాగుంటది. తెర మీద ఏం జూసినవో అది రాయి ముందుగాల. ఎవర్ని జూసినవో ఎన్క రాద్దువు."

మర్నాటి నుంచి చీకట్లోనే, బొటనవేలిని గీతకు గుర్తుగా ఆనించి, పెన్సిల్‌తో దృశ్యాలకు వరసగా అంకెలు వేసి రాయడం మొదలుపెట్టాను. ట్రేసర్ బుద్ధి. గీత తప్పకూడదు.

నాకు చెప్పాడు గాని ఆయనకూ ఒక బలహీనత ఉంది. ఒకప్పటి హీరోయిన్ ఒకావిడ ఫెస్టివల్‌కు వస్తుందని పేపర్లో వేశారు. ఆవిడ కన్నీళ్లను రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి ఆడించిన మనిషి, ఆవిడను ఎన్నడూ కళ్లారా చూడలేదు. మరియమ్మ వదిన నన్ను గుమ్మంలోనే పట్టుకుని చెప్పింది. "నర్సింహా, ఆమె కనవడ్డదంటే మీ అన్నకు ఇంటి తొవ్వ యాదికుండదు. జర చెయ్యి వట్టి తోల్కరా."

మూడో రోజు మ్యాట్నీ. చలిదేశం నుంచి వచ్చిన ఒక ముసలి దర్శకుడి సినిమా. ఆయన వేదిక మీద నాలుగు ముక్కలు మాట్లాడి, తన సినిమా తాను చూడలేనని చెప్పి బయటికి వెళ్లిపోయాడు. బాతులు పెంచి సంతలో అమ్ముకునే ఒక ముసలివాడు, అతని కూతురు, అంతే కథ. సగం నడిచాక ముసలివాడి శవపేటిక మంచులో మోసుకుపోతున్నారు. ఎప్పుడు చనిపోయాడో చూపించలేదు. కూతురు ఒంటరిగా బాతులకు మేత వేస్తోంది. ఇరవై నిమిషాల తర్వాత అదే ముసలివాడు సంతలో ఆఖరి బాతు కోసం ఒకావిడతో బేరమాడుతున్నాడు, నవ్వుతున్నాడు, ఇంటికొచ్చి మంచమెక్కాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను ఏడ్చాను. అయిపోయాక లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దర్శకుణ్ణి వేదిక మీదికి పిలిచారు. గడ్డం పెద్దమనిషి ఒకాయన మైకు తీసుకుని, చావును ముందు చూపి బతుకును తర్వాత చూపడం ఎంత గొప్ప ఆలోచనో వివరించాడు. నిర్వాహకుడు ప్రసాదరావు గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. దర్శకుడు అర్థం కానట్టు చూసి, మర్యాదకు తల ఊపాడు.

నేను ఉండబట్టలేక పైకి పరిగెత్తాను.

"ఏం సినిమా అన్నా! సచ్చిపోయినోన్ని మళ్ల సంతల నిలబెట్టిండు!"

అన్న మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

"సచ్చినోడు ఎట్లొస్తడు? డైరీ తే."

నా అంకెలు వేలుతో వరసగా చదివాడు. తర్వాత డబ్బాలు దించి, ఒక్కొక్క ఫిల్ము తోక లాగి వెలుగుకు పట్టాడు. నాలుగో డబ్బాలో ఐదో రీలు ఉంది. ఐదో డబ్బాలో నాలుగోది. వెనకటి ఊళ్లో ఎవరో తారుమారుగా పెట్టి పంపారు. ఇన్నేళ్లలో ఎక్కించే ముందు తోక చదవకుండా ఉన్నది ఆ ఒక్క ఆటలోనే.

"ఎట్లయిందన్నా?"

ఆయన నా వైపు చూడలేదు. "ఆమె ఒచ్చింది. మూడో రీలు నడుస్తుంటె. కంత కిందనే కూసున్నది. నేను ఆమెనే సూసుకుంట రెండు డబ్బాలు గట్లనే తీసిన."

కిందికి చూస్తే హాలు ఖాళీ అయింది. ఆ విషయం మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. దర్శకుడు చూడలేదు, చూసినవాళ్లు మెచ్చుకున్నారు. చెబితే ఈ ఫెస్టివల్ పని పోతుంది, మళ్లీ ఎన్నడూ పిలవరు. సాక్ష్యమంటూ ఉన్నది నా పెన్సిల్ రాతలే. అన్న డబ్బాలు సర్దుతుండగా నేను ఆ పేజీ పై అంచు పట్టుకున్నాను.

"ఎవరికి తెల్వదన్నా. ఇది చింపేస్త."

కాగితం బొటనవేలంత మేర చిరిగింది కూడా. ఆయన వెనక్కి తిరిగాడు.

"మరి ఎందుకు రాసినవ్ రా? పా. నాకు ఇంగ్లీష్ రాదు. నువ్వు సదివి చెప్పాలె."

వసారాలో తారలు, ఫోటోగ్రాఫర్లు, పూలదండలు. ఆ హీరోయిన్ అక్కడే, దర్శకుడికి రెండు గజాల దూరంలో నిలబడి ఉంది. అన్న ఆమె పక్క నుంచే నడిచాడు, తల తిప్పలేదు. ప్రసాదరావు గారు సంగతి విని నెత్తి పట్టుకున్నారు.

"ఏంటయ్యా దేవదానం! అందరూ మెచ్చుకుని వెళ్లారుగా, ఇప్పుడెందుకు ఈ గొడవ? ఊరుకో."

"వాళ్లు మెచ్చుకున్నది ఆయన సినిమాను కాదు సార్, నా తప్పును. ఆయనకు తెల్వాలె."

ఆఫీసులో సూపరింటెండెంట్ ముందు కూడా నోరు విప్పని మనిషిని, అంతమంది మధ్య వచ్చీరాని ఇంగ్లీషులో నా దృశ్యాల పట్టిక చదివాను. పన్నెండోది శవపేటిక. పదిహేడోది సంత. దర్శకుడి మొహం ఎర్రబడింది. తర్వాత అన్నను చూసి, ఒక్క ప్రశ్న వేశాడు. ప్రసాదరావు గారు తెలుగులో చెప్పారు. "ముసలివాడు చనిపోవడం మీరు చూడలేదా అని అడుగుతున్నారు."

"సూడలే సార్" అన్నాడు అన్న. "నా తప్పే."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆ సినిమా మళ్లీ వేశారు. వచ్చింది పదిమందిమి. తారలెవరూ లేరు. మెషిన్ దగ్గర వేరే ఆపరేటర్‌ను పెట్టారు. అన్నకు పాసు కూడా తిరిగి ఇచ్చేయమన్నారు గాని, ఆ ఒక్క ఆటకు కూర్చోనిచ్చారు. ఫెస్టివల్ హాల్లో కుర్చీలో కూర్చోవడం ఆయనకు అదే మొదలు, అదే ఆఖరు. మొదటి పది నిమిషాలు ఊరుకోలేదు.

"ఎడమ మూల వెలుగు తగ్గుతున్నది. సూసినవా? కడ్డీ సక్కగ వెట్టలే వాడు."

"జర ఊకో అన్నా."

సంత అయింది. ఆఖరి బాతు అమ్ముడుపోయింది. ముసలివాడు ఇంటికొచ్చి, బూట్లు విప్పి, మంచం మీద వాలాడు. ఆ తర్వాతే మంచు, శవపేటిక. ముందురోజు నన్ను ఏడిపించిన గొప్ప ఆలోచన ఇక్కడ ఎక్కడా లేదు. ఒక మనిషి ఉన్నాడు, పోయాడు. అన్న నా మోచేయి నొక్కాడు.

"గిప్పుడు సచ్చిండు" అన్నాడు మెల్లగా. "మంచిగ సచ్చిండు."

ఆఖరి పేరు తెర మీద నుంచి పోయేదాకా లేవలేదు. బయటికి వచ్చాక నా డైరీ, పెన్సిల్ అడిగి తీసుకుని, ముందురోజు పేజీ కింద తన బడి రాతతో రాశాడు. "4, 5 రీళ్లు తారుమారు. తోక సదువలేదు. తప్పు నాది. దేవదానం." రాసి, పేజీ పై అంచున ఉన్న చిరుగు మీద బొటనవేలు ఒకసారి ఆనించాడు. డైరీ మూసి నా చేతికిచ్చాడు.

ఆయన్ను మళ్లీ ఏ ఫెస్టివల్‌కూ పిలవలేదు. దిల్‌సుఖ్‌నగర్ టాకీసులో ఇంకా చాలా ఏళ్లు పని చేశాడు. గల్లీలో ఎవరైనా "ఏమన్నా, మళ్ల పోలేదా ఫెస్టివల్‌కు?" అంటే, "ఓ హీరోయిన్ నా నౌకరీ తీసింది" అని నవ్వేవాడు. మరియమ్మ వదిన కూడా నవ్వేది. పనిలేని మధ్యాహ్నాల్లో ఆయన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చోవడం మాత్రం నేను చూశాను. "ఆడ ఫెస్టివల్ల ఇప్పుడు మొదటి రీలు ఎక్కిస్తుంటరు" అనేవాడు ఒక్కోసారి. నేను సర్వే ఆఫీసులో ఉన్నన్నాళ్లు, ఫైలు అట్ట మీది నంబరు నమ్మి ఒక్క పటం కూడా గీయలేదు. లోపలి కాగితం చదివేవాణ్ణి. దానికి తోటివాళ్లు నన్ను నత్త అనేవాళ్లు. పైఅధికారి పొగిడిన ఒక పటంలో నా గీత తప్పని తేలినప్పుడు, నేనే వెళ్లి చెప్పాను. ఆ రోజు మాట తడబడలేదు.

మొన్న తర్వాతి రైలు ఎక్కి వెళ్లాను. ఫెస్టివల్ హాల్లో ఇప్పుడు రీళ్లు లేవు, డబ్బాలు లేవు. జనం తారలతో సెల్ఫీలకు తోసుకుంటున్నారు. నేనూ ఒక నిమిషం మెడ చాచి చూశాను, అబద్ధమెందుకు. సినిమా అయ్యాక ఆఖరి పేరు దాకా కూర్చుని, ఇంటికొచ్చి, బీరువా పై అరలోంచి ఆ సంవత్సరం డైరీ దించాను. అన్న పోయి చాలా ఏళ్లయింది. పెన్సిల్ రాతలు మసకబారాయి గాని చదవచ్చు. పేజీ పై అంచున ఆ చిరుగు అలాగే ఉంది. ఎప్పుడో మా ఆవిడ అడిగితే, ఇల్లు మారినప్పుడు చిరిగిందని చెప్పాను. నా డైరీలో ఎన్ని పేజీలు వెతికినా ఆ చిరుగు సంగతి లేదు.

పెన్సిల్ చెక్కుకుని, ఆయన సంతకం కింద మిగిలిన ఖాళీలో రాశాను. "ఇది ఇల్లు మారినప్పుడు చిరగలేదు. నేను చింపబోయాను. తప్పు నాది. నర్సింహ." మొన్నటి తేదీ వేశాను. ఇప్పుడు ఆ పేజీలో అంతా ఉంది.