కత్తి బాగుంది

ప్రయోగశాలలో అందరూ అతన్ని సన్నకోత అనేవారు. ఆపరేషన్ చేసిన కుందేళ్ళ కళ్ళను మైనంలో బిగించి, వెంట్రుకకన్నా పలచగా కోసి, లోపలి రెటీనా పొర ఏమైందో మైక్రోస్కోపులో చూసి చెప్పడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. చేయి తిరిగినవాడు, ఆ మాట ఎవరూ అనకపోతే తనే అనుకునేవాడు.

యాభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారాయి. అద్దాలు పెట్టుకుంటే కత్తి లాగేసుకుంటారని భయం. అందుకే పేపరు చేయి చాచి చదివేవాడు. చేయి చాలకపోతే ఆ వార్తలో పస లేదనేవాడు.

ఊడిన రెటీనాను అతికించడానికి ప్రయోగశాల నడిపే డాక్టరుగారు మూడేళ్ళు కష్టపడి ఓ కొత్త పద్ధతి కనిపెట్టారు. అలా ఆపరేషన్ చేసిన కళ్ళన్నిటిలోనూ రెటీనాకు అడ్డంగా చీలిక ఉందని సన్నకోత తేల్చేశాడు. పోల్చి చూడ్డానికి ఉంచిన, ఆపరేషన్ చేయని కళ్ళు ఇంకా కోయనేలేదు. బాగున్న కంట్లో చూసేదేముందని అతగాడి జ్ఞానం!

"అయితే సోమవారం మీటింగులో ఆపేస్తున్నానని చెప్పేస్తాను" అన్నారు డాక్టరుగారు. ఆవిడ మొహం చూసి జాలి కూడా పడ్డాడు, మహానుభావుడు.

ఆదివారం వంటింట్లో తన పనితనం చూపిద్దామని కీరా సన్నగా తరుగుతుంటే భార్య ఒక ముక్క ఎత్తి చూసింది.

"ఏమండీ, కత్తికి నొక్కు పడింది. ప్రతి ముక్కకీ ఒకేచోట గీత. కనబడట్లేదా?"

కనబడలేదు. వేలితో తడిమితే తెలిసింది. ప్రయోగశాలలోని కత్తి గుర్తుకొచ్చింది.

సోమవారం అందరికన్నా ముందే వెళ్ళి, ఆపరేషన్ చేయని కన్నొకటి అక్కడ రోజూ వాడే కత్తితో కోశాడు. అదే చీలిక, అదే చోట. చించింది డాక్టరుగారు కాదు, తను. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. ఆవిడ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. పది నిమిషాలు పరువు వైపే మొగ్గాడు, అబద్ధమెందుకు? తర్వాత లేచి ఆవిడ గదికి వెళ్ళాడు.

"ఆపకండి మేడమ్. చీలిక మీ చేతిది కాదు, నా కత్తిది."

"రోజూ కత్తి చూసుకోరా?"

"చూస్తాను మేడమ్. కనబడదు."

 ఆవిడకి కోపం వచ్చింది, రాదా మరి? చివరికి, "ముందు అద్దాలు తెచ్చుకోండి. కొత్త కత్తితో మిగతావన్నీ కోయండి, చేయనివి కూడా" అన్నారు.

"నన్ను తీసెయ్యరా?"

"తప్పు తనదని వచ్చి చెప్పేవాణ్ణి మళ్ళీ ఎక్కడ వెతుక్కోను?"

అతనికి ఏడుపొచ్చింది.

అద్దాలు వచ్చిన రోజు మొదట కత్తుల రిజిస్టరు తెరిచాడు. రెండు నెలలుగా రోజూ "కత్తి బాగుంది" అని తన దస్తూరీ; పేజీలో గీత మీద ఒక్క అక్షరం నిలవలేదు. అన్నీ కొట్టేసి, కింద "కనబడలేదు" అని రాశాడు. కాసేపు చూసి, అదీ కొట్టేసి "చూడలేదు" అని రాసి సంతకం పెట్టాడు.