జలుబు గొంతుల లిఫ్టు

ఆ ఏడంతస్తుల ఆఫీసులో ఇరవై ఆరేళ్లు లిఫ్టు నడిపిన పెద్దాయనను, మాటతో నడిచే కొత్త లిఫ్టు వచ్చాక గేటు దగ్గర కూర్చోబెట్టారు. కొత్త లిఫ్టేమో మేనేజరు "మూడు, మూడు" అని గొంతు చించుకున్నా కదల్లేదు. జలుబుతో వచ్చిన టైపిస్టు "బూడు" అనగానే బుద్ధిగా మూడో అంతస్తుకు వెళ్లింది.

"దీనికి ఎవరి గొంతులతో నేర్పారు బాబూ?" అని పెద్దాయన ఇంజనీరును అడిగాడు.

"మా వాళ్లు పదకొండు మందివండీ. ఆ వారం అందరికీ జలుబు."

నెల రోజులు ఆఫీసంతా ముక్కు మూసుకుని "బూడు, దాలుగు" అంటూ తిరిగింది. చూడలేక పెద్దాయన తన భార్యనీ, మనవలనీ, కూరలమ్మేవాళ్లనీ, నత్తివాళ్లనీ, పళ్లూడినవాళ్లనీ రెండొందల మందిని పోగుచేసి గొంతులు రికార్డు చేయించాడు. లిఫ్టుకు అందరి మాటా అర్థమైంది. అదే కొంప ముంచింది. "మా చెల్లికి నాలుగో నెల" అని ఒకావిడ అంటే నాలుగుకు పోయింది. "ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి" అని పక్కాయన అంటే ఆరుకు ఎక్కింది.

చివరికి లోపల ఎవరూ నోరెత్తకుండా చూడమని మేనేజరు పెద్దాయనను మళ్లీ లిఫ్టులో నిలబెట్టాడు.

"పని తేలికేనే, కానీ నేనూ మాట్లాడకూడదట" అని ఆయన భార్య దగ్గర వాపోయాడు.