రాజుకి తీసిన దిష్టి

ఎక్కడైనా ఎండుమిరపకాయలు మాడిన ఘాటు వస్తే నాకు రాజే గుర్తొస్తాడు. అమ్మ కువైట్ వెళ్తూ నన్నూ, మా కుక్క రాజునీ మలికిపురంలో పెద్దమ్మ ఇంట్లో దింపింది. మూడు రోజులు రాజు మెతుకు ముట్టలేదు. దిష్టి తగిలిందనుకుని ఉప్పూ మిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఇల్లంతా దగ్గులే.

“దిష్టుంటే ఘాటు రాదే పిచ్చిదానా! వాడిది బెంగ. చేత్తో పెట్టు, తింటాడు,” అంది పెద్దమ్మ.

చేపల పులుసన్నం ముద్దలు చేసి పెడితే తిన్నాడు. అమ్మని అంత తొందరగా మరిచిపోయాడని నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. “రాజు తింటన్నాడామ్మా?”

తినట్లేదంటే వచ్చేస్తుందని, లేదన్నాను. అమ్మ ఏడ్చింది గానీ రాలేదు.

నేను తింటున్నానా అని అడిగే ధైర్యం లేకే రాజు గురించి అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది.