అభయహస్తం ఉన్న కొలతబొమ్మ

హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు ఫ్యాషన్ ప్రదర్శనలు జరుగుతాయి. ఎండలు ముదరకముందు ఒకటి, చలి మొదలయ్యేముందు ఒకటి. గడిచిన ఐదేళ్లలో నేను వాటిలో తొమ్మిదింటికి హాజరయ్యాను. పదోదానికి వెళ్లలేకపోయింది కాలువకు గండి పడినందువల్ల. నాది నంద్యాలలో నీటిపారుదల ఉద్యోగం. కాలువలలో నీటిమట్టాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాయడం నా పని. అలవాటుపడిన చెయ్యి కనుక ఇంటికి వచ్చిన తరువాత కూడా ఏదో ఒకటి కొలిచి డైరీలో రాస్తూనే ఉంటుంది.

ఈ ప్రదర్శనలకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది మా చెల్లెలు. నంద్యాలలో ఆమెకొక కుట్టు దుకాణం ఉంది. దారాలు సరఫరా చేసే వ్యాపారి ఆమెకు రెండు పాసులు ఇస్తాడు. రెండో పాసు వృథా కాకూడదన్న ఒకే ఒక్క కారణంతో మొదటిసారి బయలుదేరాను. చివరి వరుసలో కూర్చుని, డైరీ మోకాళ్ల మీద పెట్టుకుని, వేదిక మీదికి వచ్చిన ప్రతి జతకూ మూడు గళ్లు గీశాను: ఇది వేసుకుని కూర్చోవచ్చునా, చేతులు పైకెత్తవచ్చునా, ఆటో ఎక్కవచ్చునా. డిజైనర్లు దేన్ని గురించి ఆలోచిస్తారో నాకు తెలియదు. ఈ మూడింటిని గురించి మాత్రం కాదని మొదటి అరగంటలోనే తేలింది.

ఆ సాయంత్రం ఒక అమ్మాయి గొడుగు ఊచలతో అల్లిన గౌను వేసుకుని వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు తలుపులో పట్టక, ఇద్దరు మనుషులు ఆమెను ఏటవాలుగా వంచి లోపలికి తీసుకుపోయారు. మా చెల్లెలు నా చెవి దగ్గరికి వంగి, "ఆ పిల్ల బాత్రూముకు యెట్ల పోతాదన్నా?" అని అడిగింది. ఆ గడి నా పట్టికలో లేదు. వెంటనే గీశాను.

ఆ తొమ్మిది ప్రదర్శనలలోనూ, బయట ఒకచోటా కలిపి నేను చూసిన కలెక్షన్లు నలభై ఒకటి. నచ్చినవి మూడు. మూడో స్థానం ఒక చలికాలపు కలెక్షన్‌కు ఇచ్చాను. అంతా నలుపే. ముప్పై రెండు జతలలో కూర్చోదగినవి పదకొండే అయినా, గుండీల మధ్య దూరం ముప్పై రెండింటిలోనూ ఒకేలా ఉంది. కొలిచే అవకాశం దొరకలేదు గానీ, నా కన్ను ఇలాంటి విషయంలో పొరబడదు. రెండో స్థానం ఒక వేసవి కలెక్షన్‌ది. చలువ చేయని ముతక నూలు, ఇరవై నాలుగు జతలు, ఇరవై నాలుగింటికీ జేబులు. చివర నడిచిన అమ్మాయి తన జేబులోంచి బస్సు టికెట్టు తీసి చూపించింది. ఆ హాలులో లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మొదటివాణ్ణి నేనే. రెండోవాడు లేడు.

మొదటి స్థానం పొందిన కలెక్షన్ హైదరాబాదులోది కాదు. నంద్యాలలో ఒక కల్యాణమండపంలో, నిరుడు దసరాకు ముందు వచ్చిన శనివారం సాయంత్రం దాన్ని ప్రదర్శించారు. ఆరు జతలు. కుట్టింది మా చెల్లెలు. చెల్లెలు కనుక మొదటి స్థానం ఇచ్చాననే అనుమానం ఎవరికైనా కలగవచ్చు. అందుకే జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

ఆమె ఇరవై ఒక్క ఏళ్లుగా కుడుతోంది. పట్టణంలోని ఒక పెద్ద చీరల దుకాణంలో అమ్ముడుపోయే రెడీమేడ్ జాకెట్లలో, పరికిణీలలో సగం ఆమె చేతివే. కానీ మెడ వెనక ఉండే లేబుల్ మీద దుకాణం పేరు ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఆమె తన పేరుతో రెండు వందల లేబుళ్లు నేయించి, ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో దాచుకుంది. ప్రతి ఉగాదికీ నేను వాటిని లెక్కపెట్టేవాణ్ణి. ప్రతి ఉగాదికీ అవి రెండు వందలే.

నిరుడు ఆ దుకాణం షావుకారికి నంద్యాలలో కూడా ఒక ఫ్యాషన్ ప్రదర్శన జరగాలన్న కోరిక పుట్టింది. మా చెల్లెలిని పిలిపించి ఆరు జతలు కుట్టమన్నాడు. ఆమె లేబుల్ మాట ఎత్తింది.

"జనానికి నచ్చితే నీ పేరే ఏసుకోమ్మా," అన్నాడాయన. "నచ్చకపోతే మాత్రం ఆ మాట మళ్లా నా తాన ఎత్తకూడదు."

ఆమె ఒప్పుకుని వచ్చింది. డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది.

వాటిని వేసుకుని నడవడానికి ఆరుగురు నర్సింగు విద్యార్థినులు ముందుకొచ్చారు. పరీక్షల మూలంగా ఒకసారి కొలతలిచ్చి వెళ్లిపోతారు, మళ్లీ ప్రదర్శనకు రెండు రోజుల ముందు గాని రాలేరు. అందువల్ల ఒక కొలతబొమ్మ కావలసివచ్చింది. దర్జీలు గుడ్డ తొడిగి చూసుకునే, తలా చేతులూ లేని మొండెం అన్నమాట. హైదరాబాదు నుంచి తెప్పిస్తే పండగ దాటిన తరువాత వస్తుందన్నారు.

"ఆళ్లగడ్డ ఉండగా బొమ్మ కోసం హైదరాబాదు వైపు చూడటమేమిటి?" అన్నాను. ఇది నేను అన్న మాటే. డైరీలో ఉంది.

ఆళ్లగడ్డ మాకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. రోడ్డు పక్కనే శిల్పుల పాకలు, వాటి ముందు సగం చెక్కిన దేవుళ్లు, వాటన్నిటి మీద రాతిపొడి. ఫైబరుతో కూడా విగ్రహాలు పోసే ఒక వృద్ధ శిల్పి దగ్గరికి వెళ్లాను. ఒక్కొక్క అమ్మాయికి పద్నాలుగు కొలతల చొప్పున ఎనభై నాలుగు అంకెలను కూడి, ఆరుతో భాగించి, సగటు తీసి, శుభ్రంగా రాసిన కాగితం ఆయన చేతికిచ్చాను.

"ఇవి ఎవురి కొలతలప్పా?"

"ఆరుగురి సగటు."

"అంటే ఒక మనిషివి గాదు."

"కాదు. సగటు."

"మనిషివి గాకపోతే దేవతవే గదా," అన్నాడాయన.

చమత్కరించాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ విషయాన్ని అప్పుడే గమనించి ఉండవలసింది.

తలా చేతులూ అక్కరలేదని చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టాడు.

"తల లేకుండానా?"

"కుట్టుపనికి తలతో అవసరం లేదు."

"నీకు లేదు. నాకుండాది. అంగం పోయి భిన్నమైన రూపం నా చేతిలోనుంచి బయటికి పోయిందంటే, మా నాయన యాడున్నాడో ఆడ్నుంచి దిగొచ్చి నా యేళ్ల మీద కొడతాడు."

బేరం చాలాసేపు సాగింది. తల ఉండేటట్లు, చేతులు పనికి అడ్డం రాకుండా ఉండేటట్లు ఒప్పందం కుదిరింది. అడ్డం రాకపోవడమంటే ఆయన ఉద్దేశంలో ఏమిటో మూడు వారాల తరువాత తెలిసింది.

బొమ్మను గోనెసంచులలో చుట్టి సామాన్ల ఆటోలో తీసుకువచ్చాను. దారిలో టీ తాగడానికి దిగి తిరిగి వచ్చేసరికి, సంచి కొంచెం తొలగి ముఖం కనిపిస్తోంది. నుదుట కుంకుమ. పాదాల దగ్గర రెండు చామంతులు, ఒక అరటిపండు.

"ఎవురో పెట్టిపోయినారు సార్," అన్నాడు డ్రైవరు. "వద్దనేదానికి నాకు నోరు రాల్యా."

దుకాణంలో సంచులు విప్పాము. సన్నని నడుము. ఎడమ తుంటి కొంచెం పైకి, పక్కకు. పెదవుల మీద, మనల్ని క్షమించినట్లు చిరునవ్వు. కుడిచెయ్యి అభయమిస్తూ పైకెత్తి ఉంది. మా చెల్లెలు చుట్టూ ఒకసారి తిరిగింది.

"అన్నా, ఇది కొలతబొమ్మనా?"

"కొలతల ప్రకారమే చేశానన్నాడు."

"నువ్వు కొలిచినావా?"

తలూపాను.

నిజానికి టేపు తీశాను. భుజం దాకా తీసుకువెళ్లాను. అప్పుడు ముఖం వైపు చూశాను. అంతటి ప్రశాంతమైన ముఖం ఎదుట నిలబడి నడుముకు టేపు చుట్టడం మర్యాదగా తోచలేదు. టేపు జేబులో పెట్టేశాను. ఆ రోజు డైరీలో పద్నాలుగు కొలతల పేర్లూ వరుసగా ఉన్నాయి. వాటి ఎదుట అంకెలు లేవు. పద్నాలుగు టిక్కులున్నాయి.

ఆ మరుసటి రోజు నుంచి దుకాణానికి వచ్చేవాళ్లు చెప్పులు బయట విడవడం మొదలుపెట్టారు. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ "ఏ తల్లిమ్మా ఈమె?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అగరుబత్తి వెలిగించింది. పక్క దుకాణంలో లేసులు అమ్మే సాయిబు గుమ్మంలోనే నిలబడి, "ఏందమ్మా, మీ బొమ్మ చెయ్యెత్తి ఆగమంటాంది. లోపలికి రావాల్నా వద్దా?" అన్నాడు.

ఎత్తిన చేతికి జాకెట్టు తొడగడం సాధ్యం కాదు. అందుకని మా చెల్లెలు ఆరు జాకెట్లకూ కుడిభుజం విడదీసి, హుక్కులు పెట్టింది. పరికిణీలు నేత చీరలతో కుట్టింది. కింద అరచేతి వెడల్పున జరీ అంచు. అంచు నేలకు సమంగా ఉండాలని, బొమ్మ చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతూ సరిచేసింది. బొమ్మ మీద అవి ఎంత చక్కగా అమరాయంటే, నేను నా నాలుగు గళ్ల సంగతే మరచిపోయాను.

గురువారం ఉదయం పది గంటలకు అమ్మాయిలు వచ్చారు. పది గంటల ఇరవై నిమిషాలకు మా చెల్లెలు స్టూలు మీద కూలబడింది. ఆరుగురిలో ఒక్కరికీ నడుము దగ్గర జాకెట్టు కలవలేదు. పరికిణీల అంచు ఎడమ పక్కన రెండున్నర అంగుళాలు కిందికి జారి నేల ఊడుస్తోంది. జారినంత మేరా కత్తిరిస్తే జరీ పోతుంది.

"కొలిచినానన్నావు గదన్నా."

డైరీ తెరిచి చూపించాను. అబద్ధాన్ని ఎక్కడ రాశానో అక్కడే చూపించడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

"ఈడ టిక్కులుండాయి. నంబర్లు యాడ?"

చెప్పులు విడిచి బొమ్మను కొలిచాను. పద్నాలుగింటిలో నా కాగితంతో సరిపోయింది ఒక్కటే, మెడ చుట్టుకొలత. శిల్పికి ఫోన్ చేశాను.

"నీ కాగితంలో తప్పులుండాయప్పా," అన్నాడాయన నెమ్మదిగా. "నడుము మరీ లావు రాసినావు. మా శిల్పశాస్త్రంలో ఉన్నట్ల ముఖం కొలత పట్టుకుని అన్నీ సరిజేసినా. ఎవురికీ చెప్పల్యాలే, ఆఫీసరువి, నీ పరువు పోతాదని."

మా చెల్లెలు ఏడుస్తుందనుకున్నాను. ఆమె రేకుడబ్బాను అల్మరా పైకెక్కించి, కత్తెర అందుకుంది. జాకెట్ల పక్క కుట్లన్నీ విప్పి, రెండు వైపులా గుడ్డ ఉంగరాలు కుట్టి, వాటి గుండా నాడా లాగి కట్టుకునేటట్లు మార్చింది. పన్నెండు పక్కలు, పక్కకు ఏడేసి ఉంగరాలు. ఎనభై నాలుగూ నేనే కత్తిరించాను. నేను సగటు తీసిన అంకెలు కూడా ఎనభై నాలుగే. దీనికి అర్థమేమీ లేదు, రాసుకున్నాను అంతే.

అంచు సంగతి మాత్రం తెగలేదు. ఫోనులో ఆ మాట విన్న శిల్పి శుక్రవారం మొదటి బస్సుకు దిగాడు. అమ్మాయిలను వరుసగా నిలబెట్టి, చాలాసేపు చూసి తీర్పు చెప్పాడు.

"బట్టల్లో దోషం లేదు. దోషమంతా మీరు నిలబడేదాంట్లో ఉండాది. ఎడమకాలి మీద బరువెయ్యి తల్లీ. ఇంకొంచెం. ఆ మోకాలు వదులు చెయ్యి."

ఎడమ తుంటి పైకి లేచింది. జారిన అంచు దానితోపాటు లేచి, నేలకు సమంగా నిలిచింది. నేను స్కేలు పెట్టి చూశాను. ఈసారి నిజంగానే పెట్టాను.

"నడిచేటప్పుడు యెట్ల తాతా?" అని అడిగింది ఒక అమ్మాయి.

"నడిచేది నాకు తెలీదమ్మా. మావన్నీ నిలబడేవే."

చివరికి నాలుగడుగులు నడవడం, ఆగడం, నిలబడటం అని తీర్మానించారు. కుడిభుజం హుక్కులు కనబడాలని చెయ్యి కూడా ఎత్తించారు.

శనివారం నేను ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చున్నాను. మొదటి అమ్మాయి నడిచింది. అంచు ఒక పక్కకు ఈడ్చుకుపోతోంది. నా ముందు కూర్చున్నావిడ, "వంకరగా కుట్టి సచ్చినారు సూడు," అంది పక్కావిడతో. నాలుగో అడుగు దగ్గర ఆ పిల్ల ఆగి, ఎడమకాలి మీద బరువు వేసి, చెయ్యెత్తింది. జరీ అంచు సర్రున పైకి జరిగి గీత గీసినట్లు నిలిచింది. ముందు వరుసలో ఇద్దరు సగం లేచి చేతులు జోడించారు. వంకర అన్నావిడ కుర్చీ కింద చెప్పులు విడిచింది. మూడో అమ్మాయి వచ్చేసరికి, ఎప్పుడు ఆగుతుందా అని జనమే అడుగులు లెక్కపెట్టసాగారు.

ప్రదర్శన ముగిశాక షావుకారు తెర వెనకకు వచ్చాడు.

"ఆ వంకర కావాలనే పెట్టినావామ్మా?"

మా చెల్లెలు నా వైపు చూసింది. అవునంటే ఆ ఇరవై ఒక్క ఏళ్లకూ ఫలితం దక్కుతుంది. ఆ మాట అనమనే నేను మనసులో వేడుకున్నాను.

"లేదు సావుకారీ. మా అన్న కొలవల్యా."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఆ మాట ఇంకెవురి తానా అనొద్దు. నీ లేబుల్ ఏసుకో. దీపావళికి ఇట్లాంటివే ఇంకో ఇరవై కావాల, వంకరతో సహా."

నా పట్టిక: కూర్చోదగినవి ఆరు. చేతులెత్తదగినవి ఆరు, ఈ విషయంలో వివాదానికి తావే లేదు. ఆటో ఎక్కదగినవి ఆరు. ఆ సాయంత్రం ఆరుగురూ ఒకే ఆటోలో హాస్టలుకు వెళ్లారు. నాలుగో గడి, అంటే బాత్రూము సంగతి, అమ్మాయిలనే అడగమని మా చెల్లెలికి చెప్పాను. ఆమె అడగలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. అందులో టిక్కు పెట్టలేదు.

సోమవారం ఉదయం ఆమె డబ్బా దింపింది. ఆరు జాకెట్లనూ ఒళ్లో వేసుకుని, ఒక్కొక్కదాని మెడ వెనక లేబుల్ పెట్టి కుట్టింది. మెడ కొలత ఒక్కటే సరిపోయింది కనుక, అక్కడ ఏ మార్పూ అవసరం కాలేదు. పని ముగించి డబ్బా నా ముందుకు జరిపింది.

"లెక్కపెట్టన్నా."

రెండుసార్లు లెక్కపెట్టాను. నూట తొంభై నాలుగు. ఆమె నా భుజం మీదుగా వంగి, నేను డైరీలో అంకె వేసేదాకా చూసి, అప్పుడు మూత పెట్టింది.