రాసుకోని నంబర్

కొత్తగూడెం నుంచి మణుగూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక చర్చి సిస్టర్ కూర్చున్నారు. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని నేను ఫోన్‌లో స్పానిష్ పాఠం చూస్తున్నాను. ఆ భాష వస్తే ఇంటి నుంచే చేసే ఉద్యోగం దొరుకుతుంది, పాపను వదిలి వెళ్లక్కర్లేదు. కోచింగ్‌కు ఫీజు కట్టలేక, ఉచితంగా దొరికే యాప్‌లూ పీడీఎఫ్‌లూ ఏడాదిగా పోగేస్తున్నాను. వాటిలో ఏది నమ్మాలో చెప్పేవాళ్లు లేరు.

"స్పానిషా? నేను పెరూ దేశంల పన్నెండేండ్లు నర్సుగ చేసిన," అన్నారు సిస్టర్. "మాట్లాడుతవా అమ్మా?"

"అవ్ సిస్టర్, మంచిగనే వస్తది," అన్నాను.

ఆమె సంతోషంగా పాపను చూపిస్తూ స్పానిష్‌లో ఏదో అడిగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వి తలూపాను. మళ్లీ నెమ్మదిగా అడిగారు. మళ్లీ తలూపాను.

"పాప పేరేంది అని అడిగిన. నువ్వు తలూపితే ఏం పేరనుకోవాలె?" అని నవ్వారు.

అది మొదటి పాఠంలో ఉండే ప్రశ్న.

"ఏం గాదు బిడ్డా, నేను గూడ గిట్లనే తడబడ్డ. ఆదివారం చర్చిల పూజ అయినంక ఫోన్ చెయ్యి, ఇద్దరం మాట్లాడుకుందాం. పైసలేమొద్దు. నంబర్ రాసుకో."

"నా స్టాప్ వచ్చింది సిస్టర్," అంటూ పాపను ఎత్తుకుని దిగిపోయాను. అది మా ఊరు కాదు. ఏడుస్తున్న పాపతో తర్వాతి బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడ్డాను.

పాప నిద్రపోయాక ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, డబ్బు అడగకుండా స్పానిష్ మాట్లాడించే మనిషి ఎక్కడైనా దొరుకుతారేమోనని.