జంట టైటిల్‌లో ఒక తప్పుడు గడి

ఇప్పటి పిల్లలకు మెక్సికో అరచేతిలో ఉంది. మాకు జగదల్‌పూరే దూరమనిపించే రోజుల్లో, ఎర్రదుమ్ము తప్ప మరేదీ ఉచితంగా దొరకని బచేలీ ఇనుప గని టౌన్‌షిప్‌లో పదకొండో తరగతి చదువుతూ, నేను మెక్సికో కుస్తీకి చరిత్రకారుణ్ణయ్యాను. (ఎవరూ అడగలేదు. చరిత్రకారుల్ని సాధారణంగా ఎవరూ అడగరు.) బజార్లోని ఇంటర్నెట్ సెంటర్లో ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ పాఠం వెతుకుతుంటే వేరే పేజీ ఏదో తెరుచుకుంది. అది పూర్తిగా తెరుచుకునేసరికి కెమిస్ట్రీ మీద ఆసక్తి పోయింది. అక్కడి జంట కుస్తీ టైటిల్ ఒకదాని చరిత్ర అది. ముసుగులు వేసుకున్న మల్లులు ఇద్దరిద్దరుగా ఎవరి మీద గెలిచారు, ఎన్నాళ్ళు నిలబెట్టుకున్నారు, ఎలా పోగొట్టుకున్నారు, అంతా గడులు కట్టి రాశారు. నన్ను పట్టేసింది మాత్రం మధ్యమధ్యలో వచ్చే ఖాళీలు. జంటలో ఒకడు తప్పుకుంటే రెండోవాడికి టైటిల్ ఉండదట. కొన్నిచోట్లయితే, ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో తెలియదని ఒప్పేసుకున్నారు. ఆ ఒప్పుకోవడం ఆ రోజే నేర్చుకుని ఉంటే ఇప్పుడిదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

టైటిల్ పెట్టాలంటే జంట కావాలి. నాకు దొరికినవాడు పట్నం. భోపాల్‌పట్నం నుంచి వచ్చి, బజార్లో దర్జీ పని చేసే మేనమామ దగ్గర ఉంటూ మా బడిలో చేరాడు కాబట్టి ఆ పేరు. గని క్వార్టర్ల పిల్లలు మాత్రం 'దర్జీ మేనల్లుడు' అనేవాళ్ళు, అదేదో క్లాసులో అతని రోల్ నంబరన్నట్టు. మామ మిషను కింద మిగిలిన లైనింగు గుడ్డతో మా ఇద్దరికీ ముసుగులు వాడే కుట్టాడు. నాకు కళ్ళజోడు ఉంది కనుక నా ముసుగుకు కన్నాలు ప్రత్యేకంగా కత్తిరించాడు. "నీ అద్దాలకు పెద్దగ కోసిన రా. గుడ్లగూబ లెక్కున్నవు" అన్నాడు, పనితనానికి మురిసిపోతూ. విజేతలు కట్టుకునే బెల్టు సంగతి గని చూసుకుంది. రాయి మోసే కన్వేయర్ బెల్టు అరిగిపోయి పారేసిన ముక్క ఒకటి తెచ్చి, నూనె డబ్బా రేకు కొట్టాం. నడుముకు కట్టుకుంటే విజేత మోకాళ్ళు వాటంతటవే వంగేవి. మా అమ్మ దాన్ని చూసి, "ఏట్రా అది, లారీ టైరా? ముందు వీధిలో పడేయ్" అంది. టైటిల్‌కు దక్కిన తొలి సమీక్ష అదే.

మొదటి విజేతలం మేమే. పోటీ పెట్టకముందే గెలిచాం. ఒకసారి టైటిల్‌ను కాపాడుకున్నాం కూడా; ఎదుటి జంటలో ఒకణ్ణి వాళ్ళమ్మ ట్యూషన్‌కు పిలిచింది. ఆ పేజీలో లాగే గడులు గీసి మా టైటిల్ చరిత్ర రాస్తున్న నా నోట్‌బుక్కులో మాత్రం 'ప్రత్యర్థులు బరి విడిచి పారిపోయారు' అని పడింది. పట్నం ఆ వాక్యాన్ని పదిసార్లు చదివించుకున్నాడు. ముసుగు వేసుకున్నప్పుడు వాణ్ణి ఎవరూ దర్జీ మేనల్లుడు అనలేదు, చాంపియన్ అన్నారు. ఆ పిలుపు వాడికి ఎంత అవసరమో నాకు తెలియదని చెప్పుకోలేను. తెలుసు.

తర్వాత డంపర్ అన్నదమ్ములు సవాలు విసిరారు. గనిలో డంపర్ లారీ నడిపే ఆయన కొడుకులు, సైజులో వాళ్ళది తండ్రి పోలిక కాదు, బండి పోలిక. మైదానం వెనక నాలుగు వెదురు గుంజలు పాతి, బట్టలారేసుకునే నైలాను తాడు కట్టాం. నియమాలు నేనే చదివాను: బరిలో ఒక్కడే ఉండాలి, చేయి చేయి తాకితేనే రెండోవాడు లోపలికి రావాలి, ఒకడు బరి బయట పడితే ఆ జంట ఓడినట్టే. ముందు పట్నం దిగాడు. చాలాసేపు నిలబడ్డాడు కూడా. చివరికి పెద్దోడు ఎత్తి పడేస్తే, పాక్కుంటూ నా మూలకు వచ్చి తాడు కిందనుంచి చేయి చాపాడు.

"చెయ్యి ఇయ్యి రా! అరే, చెయ్యి!"

జానెడు దూరం. దుమ్ము పట్టి ఎర్రబడిన చేయి. దాని వెనక పెద్దోడు నన్నే చూసి నవ్వుతున్నాడు. "ఆజా చష్మిష్, ఆజా!" రారా కళ్ళజోడూ, అని. నేను చేయి ఎత్తాను. ఎత్తి, ముసుగు సర్దుకున్నాను. "ముసుగు జారింది! ఏమీ కనబడట్లేదు!" అని అరిచాను. ఇంకా సర్దుకుంటూ ఉండగానే పెద్దోడు పట్నాన్ని కాలు పట్టి లాగి బరి బయటికి తోసేశాడు. టైటిల్ పోయింది. గెలిచినవాళ్ళు బెల్టు ఎత్తి చూసి, "ఇత్నా భారీ కౌన్ ఢోయేగా" అని, ఇంత బరువు ఎవడు మోస్తాడని, అక్కడే వదిలి వెళ్ళారు.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో హిందీలో రాశాను, 'పట్నం సమయానికి చేయి అందించలేదు.' (హిందీ ఎందుకంటే బడి మొత్తం చదవాలి కదా. అబద్ధానికి పాఠకులు ఎక్కువ కావాలి.) మర్నాడు బడి మొత్తం చదివింది. పట్నం కూడా చదివాడు, గడి కింద వేలు పెట్టి.

"నేను చెయ్యి ఇయ్యలేదా?"

నేను పెన్ను మూత పెట్టుకుంటున్నాను.

"నీకు కనబడలే కావచ్చు. ముసుగు అడ్డమొచ్చిందంటివి గదా. గట్లనే రాయి రా, కనబడలేదని."

"రాసింది కొట్టేస్తే అది చరిత్ర కాదు" అన్నాను. (పదహారేళ్ళకే అంత గంభీరమైన మాట. ఇప్పటికీ అంత నీచంగా మరొకటి అనలేకపోయాను.) వాడు నోట్‌బుక్కు మూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. బడిలో మళ్ళీ దర్జీ మేనల్లుడయ్యాడు. వేసవి సెలవులకు బెల్టు భుజానేసుకుని ఊరెళ్ళినవాడు, తండ్రికి పొలంలో సాయం కావాలట, మళ్ళీ రాలేదు.

డిగ్రీలో ఉండగా తెలిసింది, మెక్సికో పద్ధతిలో చేయి తాకాల్సిన పనే లేదట. ఒకడు బరి బయట పడితే చాలు, రెండోవాడు దిగాల్సిందే. అంటే ఏ దేశపు నియమం ప్రకారం చూసినా ఆ రోజు దిగాల్సింది నేనే.

ఇప్పుడు నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. కిందటేడు పరీక్షల డ్యూటీ మీద భోపాల్‌పట్నం వెళ్ళినప్పుడు, టీ కొట్టు ముందు మిరపకాయ బస్తాలు దింపిస్తున్న మనిషి నన్ను చూసి ఆగాడు.

"ఏంది సారూ, ముసుగు లేకుంట వచ్చినవు?"

పట్నమే. టీ తాగించాడు. బెల్టు ఏమైందని అడిగాను, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కనుక. "చెప్పులకు అడుగులు కొట్టించిన. నాయినకొక జత, నాకొక జత. మస్తు నడిచినయి" అన్నాడు. గాజు గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్నే చూస్తూ చెప్పాను. "ఆ రోజు నాకు చేయి కనబడింది రా."

"తెలుసు."

"ఎట్లా?"

"ఆ కన్నాలు కోసింది నేనే గదా. గంత పెద్ద కన్నాల్లకెల్లి బైలడిల్ల గని కొండ కనబడుతది, జానెడు దూరంల చెయ్యి కనబడదా?"

"మరి అప్పుడెందుకు అనలేదు?"

"నువ్వే చెప్తవేమో అని చూసిన" అన్నాడు, ఇంకో టీకి సైగ చేస్తూ.

ఇంటికొచ్చి అటక మీది పెట్టెలోంచి నోట్‌బుక్కు దింపాను. కొట్టేయకూడదన్న నియమం నాదే కనుక కొట్టేయలేదు. ఆ గడి పక్కనే, మార్జిన్‌లో రాశాను, 'చేయి అందించాడు. తీసుకోలేదు.' బడి మొత్తం చదివిన పుస్తకాన్ని ఇప్పుడు చదవడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అట్ట లోపల నా ముసుగు మడత పెట్టి ఉంది. తీసి, కళ్ళజోడు మీదుగా వేసుకుని అద్దంలో చూశాను. బట్టతల మీద కాస్త బిగుతుగా ఉంది గానీ, కన్నాల్లోంచి అంతా స్పష్టంగా కనబడుతోంది.