అవ్వ చెంబులోని కప్ప

తెలంగాణ ఉద్యమంలో రైల్ రోకో జరిగిన ఒక మధ్యాహ్నం మా రైలు కేసముద్రంలో ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న తండా అవ్వ ఒడిలో చెంబు, దాని మీద తడిగుడ్డ. లోపల చిన్న కప్ప.

"మా గుట్ట మీది వాగు ఎండింది బిడ్డా. గిదొక్కటే మిగిలింది. మా చెల్లె ఊరి గుట్టల్ల ఇసొంటియి ఇంక ఉన్నయట. ఆడ ఇడుస్త."

ఎండకు చెంబు వేడెక్కింది. అవ్వ పెదవులూ ఎండిపోయాయి. నా సీసాలో మిగిలిన నీళ్లిచ్చాను. అన్నీ చెంబులోనే పోసింది.

"నువ్వు తాగలేదేంది అవ్వా?"

"నాకు దూపైతే నిన్నడుగుత. అది ఎవల్నడుగుతది?"

ఆ మాట విని పక్కనున్నవాళ్లు తమ సీసాలు తీశారు. అవ్వకూ తాగించారు. రైలు కదిలేదాకా ఆ గుడ్డ ఆరలేదు.

ఇప్పటికీ ఏ కొండవాగు దాటినా రాళ్ల సందుల్లోకి ఒకసారి వంగి చూస్తాను.